గూడబాతు రాకుమారి సంగీతం

నాకు సినిమాలో పని దొరికింది నలభై తొమ్మిదో ఏట. అది కూడా ఆషాఢమాసం పుణ్యమా అని.

నేను పెంటపాడు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇల్లు తాడేపల్లిగూడెంలో. మా నాన్నగారు సంగీతం చెప్పేవారు కాబట్టి ఏడో ఏట నా ఒళ్ళో వయొలిన్ పెట్టారు. అప్పట్నుంచీ దాన్ని దించలేదు, అలాగని పెద్దగా ఎత్తుకున్నదీ లేదు. నవరాత్రుల్లో గుళ్ళో, పేరంటాల్లో, ఎప్పుడైనా ఊళ్ళోకొచ్చిన గాయకులకి పక్క వాయిద్యంగా, అంతవరకే. మా వారు వరి రైతు. ఆయనకి సంగీతమంటే గౌరవం ఉందిగానీ చెవి లేదు. పాతికేళ్ళ కాపరంలో నా వయొలిన్ గురించి ఆయన అన్నమాట ఒక్కటే, "ఇవాళ తొందరగా అయిపోయిందే" అని. మంచి ఉద్దేశంతోనే అన్నానంటారు ఇప్పటికీ.

మూడేళ్ళ కిందట బళ్ళు తెరిచిన కొత్తలో ఓ ఆదివారం పొద్దున్న ఫోనొచ్చింది.

"టీచరండీ, నేనండీ, పదో తరగతిలో మీ దగ్గర లెక్కల్లో ముప్పై ఆరు తెచ్చుకున్నదాన్నండీ."

ముప్పై ఆరు తెచ్చుకున్నవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు. ఆ మాటే చెప్పాను.

"కంపాసు డబ్బా మీద దరువేసి బెంచీ ఎక్కిన దాన్నండీ."

అప్పుడు గుర్తొచ్చింది. జంగారెడ్డిగూడెం పిల్ల. మేనత్త ఇంట్లో ఉండి మా బళ్ళో చదువుకుంది. తర్వాత చెన్నైలో పియానో, పాశ్చాత్య సంగీతం నేర్చుకుందని, సినిమాలకి ఎవరెవరి దగ్గరో సహాయకురాలిగా చేసిందని వింటూండేదాన్ని. ఇప్పుడు సొంతంగా మొదటి సినిమా వచ్చిందట. పిల్లల సినిమా, జానపద కథ. పాటలు తక్కువ, కథంతా వెనకాల సంగీతంతోనే నడవాలి. కంప్యూటర్లో నొక్కితే వచ్చే వయొలిన్లు కాకుండా నిజంగా మనుషులు కూర్చుని వాయించాలని ఆ పిల్ల కోరిక.

"పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు మాకు అందవండీ. అందుకని మన పక్కనే కూడబెడుతున్నాను. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదండీ. కల్యాణమండపాలు ఖాళీ, బ్యాండువాళ్ళూ ఖాళీ. ఏలూరులో ఏసీ హాలు నాలుగురోజులు తీసుకున్నాం. మీరూ వస్తే ఏడుగురు వయొలిన్లు అవుతారు."

"కథేంటమ్మా?"

కథ చెప్పింది. ఒక రాజుగారి కూతుర్ని మాంత్రికుడు నీటిపక్షిగా మార్చేస్తాడు. ఆమె స్నేహితురాలు, పడవ నడిపే పిల్ల, సరస్సులో ఉన్న వేల పక్షుల్లో తన రాకుమారి ఏదో కనిపెట్టి శాపం విడిపించాలి. పక్షి ఏది అంటే గూడబాతు అంది. కొల్లేట్లో గొంతు కింద సంచి వేలాడేసుకుని తిరుగుతుందే, అదే. హంసో నెమలో కాకుండా గూడబాతు కావడం నాకు వెంటనే నచ్చేసింది. నేను హాఫ్ పే లీవు పెట్టాను.

కాలువలకి ఇంకా నీళ్ళు వదల్లేదు కాబట్టి మా వారికీ పనిలేదు. నన్నూ వయొలిన్‌నీ భోజనం కేరేజీనీ స్కూటర్ మీద స్టేషనుకి చేర్చి, అక్కడ ఏమనుకున్నారో తనూ రైలెక్కారు. "ఏసీ హాలన్నావుగా" అన్నారు.

మేం వెళ్ళేసరికి హాల్లో పెళ్ళి ఇంకా పూర్తిగా దిగిపోలేదు. వేదిక మీద ప్లాస్టిక్ పూల తోరణం ఊడలేదని అలాగే వదిలేశారు. దాని కింద తెర కట్టి సినిమా బొమ్మ పడేలా చేశారు. మా శిష్యురాలు రెండు పెళ్ళి పీటలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, వాటిమీద నిలబడి, చేతిలో సన్నటి పుల్లతో ఉంది. మనిషి అప్పుడెంత ఎత్తుందో ఇప్పుడూ అంతే.

బ్యాండువాళ్ళు పధ్నాలుగు మంది పూర్తి యూనిఫారంలో వచ్చారు. ఎర్రకోట్లు, భుజాలమీద బంగారు కుచ్చులు, తలకి టోపీలు. మైకులో వినబడడమే తప్ప మీరు ఎక్కడా కనిపించరని ముందే చెప్పారట. ఆ మాటే అడిగితే బ్యాండు మేష్టారు "ఆయ్, చెప్పారండి. కానీ కోటు లేకపోతే మావోళ్ళకి ఊపిరి సరిగ్గా రాదండి" అన్నారు. ఆయన క్లారినెట్. ముప్పై ఏళ్ళుగా ఏలూరు చుట్టుపక్కల ఊరేగింపులన్నీ ఆయన చేతిమీదుగానే వెళ్ళాయి.

మొదటి ఇబ్బంది మా వయొలిన్ల దగ్గరే వచ్చింది. మాకందరికీ ఎర్ర వెల్వెట్ కుర్చీలు వేశారు. మేమేమో నేలమీద కూర్చుని, వయొలిన్ తల కుడికాలి మడమ మీద ఆనించి వాయించేవాళ్ళం. కుర్చీలో కూర్చుంటే దాన్ని ఎక్కడ ఆనించాలో తెలియదు. కాసేపు ఏడుగురం వయొలిన్లు పట్టుకుని చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళలా చూస్తూ ఉండిపోయాం. చివరికి మా శిష్యురాలు జంపఖానా పరిపించింది. మేం కింద, బ్యాండు కుర్చీల్లో.

రెండోది రాత. అందరికీ తెలిసేలా స్వరాలు తెలుగులో రాసి పుస్తకాలు కుట్టించింది, ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి. మూడో పేజీలో నాకు అనుమానం వచ్చింది.

"అమ్మా, ఇక్కడ షడ్జమం మారిందేంటి?"

"మారుతుందండీ. రాకుమారి కోటలోంచి సరస్సులోకి వెళ్ళింది కదండీ."

"వెళ్తే వెళ్ళింది. పాటంతటికీ ఆధారమైన షడ్జమం మారడమేంటి?"

"ఇల్లు మారినట్టేనండీ టీచరుగారూ. సామానంతా అదే."

నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు, మంచి విద్వత్తున్న మనిషి. ఆయన మొహం చూశాను. అనుమతి లేకుండా ఇల్లు మారినవాళ్ళ దస్తావేజు చూస్తున్నట్టు ఉంది. ఆయన వంతుకి వచ్చిన కాగితంలో ఇంకా ఘోరం జరిగింది. ఎనిమిది ఆవర్తాల పాటు ఒక్క పంచమం, అంతే. నాది గాంధారం, వెనకున్న ఇద్దరిదీ షడ్జమం. మూడూ ఒకేసారి కలిసి మోగితే పొద్దున్నపూట మంచులో సరస్సు కనిపిస్తుందని ఆ పిల్ల చెప్పింది.

"మంచు మీది, సరస్సు మీది. నేను పంచమం మీద కూర్చుని ఏం చెయ్యాలమ్మా?" అన్నారాయన.

"కూర్చోవడమేనండీ."

"నలభై ఏళ్ళు ఆఫీసులో అదే చేశాను. ఇక్కడ కూడానా?" అన్నారు. అన్నారుగానీ ఆ పంచమాన్ని ఆయన పట్టుకున్నంత గట్టిగా మాలో ఎవరమూ ఏదీ పట్టుకోలేదు.

నా గాంధారం మాత్రం నిలబడలేదు. చిన్నప్పట్నుంచీ స్వరాన్ని ఊపి, జార్చి, పక్క స్వరాన్ని తాకించి వాయించడమే నేర్చుకున్నాం. దాన్ని గమకం అంటాం. గమకం లేకుండా స్వరం వాయించడమంటే నాకు తల దువ్వుకోకుండా బడికి వెళ్ళినట్టు ఉంటుంది. నేను వాయించినప్పుడల్లా ఆ పిల్ల పుల్ల ఆపేసి, చాలా మర్యాదగా, "టీచరుగారూ, ఊగుతోందండీ" అనేది. రెండోసారీ ఊగింది. మూడోసారీ ఊగింది.

"స్కేలు పెట్టి గీసినట్టు రావాలండీ" అంది నాలుగోసారి.

పదో తరగతిలో ఆ పిల్లకి నేను రోజూ చెప్పిన మాట అది. ఏ గీతా తిన్నగా గీసేది కాదు, త్రిభుజాలన్నీ వంకాయల్లా ఉండేవి. నేను తలెత్తి చూశాను. ఆ పిల్ల కూడా అదే గుర్తొచ్చినట్టు పెదవి బిగించి నవ్వాపుకుంటోంది. నాకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ తెలియదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుని, ఖాళీ వంటశాలలోకి పోయి, గోడవైపు తిరిగి కూర్చుని ఒక్క గాంధారాన్ని ముప్పావుగంట సాధన చేశాను. ఏడేళ్ళ పిల్లలా.

ఇవన్నీ చిన్నవే. అసలు గండం బ్యాండు దగ్గరుంది.

సినిమా సంగీతమంటే తెరమీది బొమ్మకి లెక్కగా సరిపోవాలి. రాకుమారి తలుపు తోసినప్పుడు బాకా మోగాలంటే, అప్పుడే మోగాలి. అందుకని అందరి చెవుల్లోనూ టక్కు టక్కుమని లయ వినిపించే యంత్రం పెట్టారు. బ్యాండువాళ్ళు అయిదు నిమిషాలకే వాటిని పీకి జేబుల్లో పెట్టుకున్నారు, పక్కవాడు వినపడట్లేదని. పుల్ల చూసి వాయించమంటే చూశారు. పాపం నిజంగానే చూశారు. అయినా మొదలెట్టిన వేగం ఒకటి, తేలిన వేగం ఒకటి. చివర్లో రాకుమారి పట్టాభిషేకం ఊరేగింపు ఉంది, తెరమీద ఏనుగు ఇంకా కోట దాటకుండానే వీళ్ళు ఊరేగింపు ముగించేసి టోపీలు తీసి చెమట తుడుచుకుంటున్నారు.

మా శిష్యురాలు పీటల మీదనుంచి దిగి వచ్చింది. "మేష్టారూ, మీరు రోజూ దేన్ని చూసి వాయిస్తారండీ?"

"కాళ్ళనండి" అన్నారాయన.

"కాళ్ళేంటండీ?"

"ముందు నడిచేవాళ్ళ కాళ్ళండి. పెళ్ళివారు నడిస్తే మేం నడుస్తాం, ఆగితే ఆగుతాం. విడిది కనిపించగానే వాళ్ళకి ఆకలి గుర్తొచ్చి జోరు పెంచుతారు, మేవూ పెంచుతాం. అలవాటైపోయిందండి. ఈ పుల్లకి కాళ్ళు లేవు కదండీ."

అయితే కాళ్ళే పెడదాం అంది ఆ పిల్ల. ముందు సౌండు ఇంజనీరుకి చెవిలో యంత్రం పెట్టి బ్యాండు ముందు నడిపించింది. అతను బెజవాడ మనిషి. ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నట్టు నడిచాడు. తర్వాత తనే నడిచింది. బ్యాండువాళ్ళు ఆడపిల్ల కాళ్ళకేసి చూడ్డానికి మొహమాటపడి పైకప్పు చూస్తూ వాయించారు. అప్పుడు వెనక వరసలో ఏసీ కింద కండువా కప్పుకుని నిద్రపోతున్న మా వారు ఆ పిల్ల కంటబడ్డారు.

"బాబాయిగారూ, కాస్త లేస్తారా అండీ? ఇందులో టక్కు టక్కుమంటుంది. ఒక్కో టక్కుకీ ఒక్కో అడుగు వెయ్యాలి."

"అంతేనా?"

"అంతేనండీ."

మా వారు లేచి, పంచె ఎగ్గట్టి, చెప్పులు వదిలి బయల్దేరారు. నేను చూడలేక వయొలిన్ సర్దుకుంటున్నట్టు తల దించుకున్నాను. బ్యాండు మొదలైంది. రెండు నిమిషాలయ్యాక తలెత్తాను. ముప్పై ఏళ్ళుగా మూరెడు వెడల్పు గట్లమీద నడిచిన మనిషి. పాదం వేస్తే ఎక్కడ వెయ్యాలో అక్కడే పడుతోంది. ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ వెంట్రుకవాసి తేడా లేదు. బ్యాండు మొత్తం ఆయన వెనకాల ఇంజనుకి తగిలించిన పెట్టెల్లా వెళ్తోంది. పధ్నాలుగు మంది కూర్చునే వాయిస్తున్నా నాకు వాళ్ళు నడుస్తున్నట్టే అనిపించింది.

అక్కడ్నుంచి మూడురోజులు మా వారే ఆ ఆర్కెస్ట్రాకి దిక్కు. జంపఖానా చుట్టూ గుండ్రంగా తిరిగేవారు. ఆ పిల్ల తన భాషలో ఏదో చెబితే ఆయన తన భాషలోకి మార్చుకునేవారు.

"బాబాయిగారూ, ఇక్కడ మెల్లగా తగ్గాలండీ."

"గట్టు తడిగా ఉన్నట్టా?"

"అలాగేనండీ. ఇక్కడేమో కాస్త బరువుగా."

"నెత్తిమీద నారుకట్టలున్నాయనుకుంటాను."

ఊరేగింపు చివర బ్యాండు అలవాటు ప్రకారం ఒక్కసారిగా పరిగెత్తింది. మా వారు పరిగెత్తలేదు. వాళ్ళు ఆయన్ని దాటిపోయారు, దాటిపోయాక చూసుకోవడానికి కాళ్ళు లేక చెల్లాచెదురయ్యారు. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, "ఎక్కడికండీ అంత తొందర, కూర్చునే కదా ఉన్నారు" అని అడిగారు. ఆ మాట మైకుల్లో శుభ్రంగా రికార్డయింది. మళ్ళీ మొదట్నుంచి వాయించాల్సి వచ్చింది. బ్యాండు మేష్టారు మాత్రం పగలబడి నవ్వి, "ఆయ్, ఇలాంటి పెళ్ళివారు దొరకరండి" అన్నారు.

మూడోరోజు నిర్మాతగారు వచ్చారు. కైకలూరు వైపు ఆయనకి చేపల చెరువులున్నాయి. రెండుసార్లు సర్పంచిగా చేసినందుకు అందరూ ఇప్పటికీ ప్రెసిడెంటుగారనే అంటారు. దర్శకుడు ఆయన మేనల్లుడు. సినిమాలో పక్షిని షూటింగయ్యాక కంప్యూటర్లో పెట్టారు కాబట్టి ప్రెసిడెంటుగారు రాకుమారిని పక్షి రూపంలో చూడ్డం అదే మొదలు. మేనల్లుడు కథ చెప్పినప్పుడు నీటిపక్షి అన్నాడట గానీ పేరు చెప్పలేదట. ఆరోజు అతను పొద్దుట్నుంచీ హాల్లోనే లేడు.

తెరమీద పక్షి నీళ్ళలోంచి తల పైకెత్తింది. ప్రెసిడెంటుగారు ముందుకి వంగారు.

"ఏమ్మా, అది హంస కదూ?"

"గూడబాతండీ" అంది మా శిష్యురాలు.

ప్రెసిడెంటుగారు మళ్ళీ వెనక్కి జారబడ్డారు. పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన మెడ ఎర్రబడడం కనిపించింది. చెరువులమీద వాలకుండా తీగలు కట్టించి, టపాసులు కాల్పించి, డబ్బాలు మోగించడానికి మనుషుల్ని పెట్టి ఇరవై ఏళ్ళుగా ఆయన తరుముతున్న పక్షి అది.

"గొంతు కింద సంచి ఉంటుంది, అదేనా?"

"అదేనండీ."

"రోజుకి ఎంత చేప తింటుందో తెలుసా అమ్మా నీకు?"

"సినిమాలో చేపలు తినదండీ. రాకుమారి కదండీ."

"మరేం తింటుంది?"

"అది చూపించలేదండీ."

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాం. వెళ్ళలేదు. టీ తాగి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు, పరీక్షల్లో కాపలాకి వచ్చిన స్క్వాడులా.

అప్పుడు ఎత్తుకున్నది గూడబాతు ఎగిరే ఘట్టం. పడవ పిల్ల వేల పక్షుల్లో తన స్నేహితురాలిని గుర్తుపట్టిన తర్వాత, రాకుమారి చివరిసారిగా పక్షిగా సరస్సు మీద ఒక చుట్టు ఎగురుతుంది. మొదట అందరూ ఆగిపోతారు, ఒక్క వయొలిన్ ఒక్క గాంధారం పట్టుకుంటుంది, దాని కింద ఒక్కొక్కరే వచ్చి చేరతారు. ఆ ఒక్క వయొలిన్ నేను.

హాలు రైలు పట్టాల పక్కనే ఉంది. ఏ రైలు ఎప్పుడు పోతుందో కాగితం చూసుకుని, గూడ్సు దాటేదాకా ఆగి, పుల్ల ఎత్తింది ఆ పిల్ల. నేను తీగమీద కమాను వేశాను. వేలు కదల్చలేదు. కదల్చకపోతే ఎంత భయమేస్తుందో చెప్పలేను. గమకం ఉంటే దాని వెనక దాక్కోవచ్చు. ఇక్కడ దాక్కోడానికి ఏమీ లేదు, స్వరం ఒక్కటే, నా చెయ్యి ఎంత తిన్నగా ఉంటే అంతే ఉంది. తర్వాత పక్కన పెద్దాయన పంచమం వచ్చి కింద ఆనింది. ఆ వెనక షడ్జమం. ఆపైన క్లారినెట్, పెద్ద బాకాలు, మా వారి అడుగులు. తెరమీద అంత లావు పక్షి నీటిమీద పరిగెత్తి పరిగెత్తి, ఇక లేవదేమో అనుకున్నప్పుడు లేచింది. నాకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకుంటే కమాను ఆగుతుంది కాబట్టి అలాగే వదిలేశాను.

అయిపోయాక ఆ పిల్ల పుల్ల దించింది. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు.

"ఎగురుతున్నప్పుడు బానే ఉంటుంది లెండి" అన్నారు. "దిగినప్పుడే ఇబ్బంది."

ఇక ఆ విషయం ఆయన మళ్ళీ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ మర్నాడు అందరికీ చేపల పులుసు పంపిస్తానని, చేప తినని మాలాంటివాళ్ళకి గుత్తివంకాయ చేయిస్తానని చెప్పి వెళ్ళారు. రెండూ వచ్చాయి.

ఆ మూడోరోజు సాయంత్రం తిరుగు రైల్లో మా వారు కిటికీ పక్కన కూర్చున్నారు. భీమడోలు దాటాక నావైపు తిరిగారు.

"ఇవాళ నువ్వు వాయించావే, ఒక్కటే అలా పొడుగ్గా. అది బాగుంది. ఇన్నాళ్ళూ అలా ఎందుకు వాయించలేదు?"

నలభై రెండేళ్ళ విద్యలో ఆయనకి నచ్చింది ఒకే ఒక్క స్వరం, అది కూడా నా విద్యంతా తీసేశాక మిగిలింది. కేరేజీలో మిగిలిన అరటికాయ బజ్జీ ఆయన చేతిలో పెట్టాను.

సినిమా దసరా సెలవుల్లో వచ్చింది. మా గూడెంలో మార్నింగ్ షో చూశాం. హాల్లో పిల్లలే ఎక్కువ, పాప్‌కార్న్ చప్పుడులో నా గాంధారం సగం పోయింది. మా వారు ఊరేగింపు వచ్చినప్పుడు కుర్చీలో కాళ్ళు కదుపుతూనే ఉన్నారు. చివర్లో పేర్లు పడేటప్పుడు అందరూ లేచిపోతున్నారు, మేం కదల్లేదు. వయొలిన్ అన్నచోట ఏడుగురి పేర్లూ ఒక వరసలో గబగబా పైకి పోయాయి. దాని కింద 'నడక' అని రాసి, పక్కన మా వారి పేరొక్కటే వేశారు. ఆ వారమంతా ఆయన బజారుకి స్కూటర్ తియ్యకుండా నడిచే వెళ్ళారు.

పడవ పిల్లగా వేసినమ్మాయి బాగా చేసిందని అందరూ అన్నారు. సంగీతం గురించి ఎవరూ ఏమీ అనలేదు. బాగుంటే అలాగే ఉంటుందని మా శిష్యురాలు ఫోన్లో చెప్పింది. ఆ పిల్లకి తర్వాత ఇంకో రెండు సినిమాలు వచ్చాయి. నాకు రాలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఆ ఏడాది మా బడి వార్షికోత్సవంలో ఏడో తరగతి ఆడపిల్లలు తెల్లకాగితం రెక్కలు కట్టుకుని ఆ ఎగిరే ఘట్టానికి డాన్సు చేశారు. ఆ వయొలిన్ నాదని వాళ్ళకి తెలియదు, నేనూ చెప్పలేదు. మైకు చూసుకునే బాధ్యత నాకిచ్చారు కాబట్టి పెట్టె పక్కనే నిలబడ్డాను. గాంధారం మొదలై, పిల్లలు రెక్కలు మెల్లగా పైకెత్తుతుండగా హెడ్మాస్టారు వంగి నా చెవిలో అన్నారు.

"మేడం, ఆ వయొలిన్ కాస్త తగ్గించండి. ముఖ్య అతిథిగారు ఏదో చెబుతున్నారు, వినపడట్లేదు."

తగ్గించాను.